వరుడి కింద గుర్రం, వధువు పక్కన కుక్కపిల్ల

పెళ్లిలో జంతువు మొదట కానుకగా కనిపిస్తుంది, ఆ తర్వాత వాహనంగా, ఇటీవలి కాలంలో ఇంటి మనిషితో సమానమైన అతిథిగా కనిపిస్తుంది. ఈ మార్పుల ఆనవాళ్లు ఒకే చోట చూడదలచినవారికి హైదరాబాద్‌లో ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు అనువైనవి. మొజంజాహీ మార్కెట్, బేగంబజార్, గోషామహల్ చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ, కాయస్థ కుటుంబాలు, నాంపల్లి దర్గా పరిసరాల్లోని ముస్లిం కుటుంబాలు, ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ చర్చీలకు వచ్చే క్రైస్తవులు, వీరందరి నడుమ జీవిస్తున్న తెలుగువారు ఒకరి పెళ్లి వేడుకల నుంచి మరొకరు చాలానే తీసుకున్నారు. అలా చేతులు మారిన వాటిలో అన్నిటికంటే ఎత్తుగా కనిపించేది బరాత్ గుర్రం.

శాస్త్రగ్రంథాలలో మాత్రం పెళ్లికి సంబంధించిన పశువు గుర్రం కాదు, గోవు. ధర్మశాస్త్రాలు చెప్పిన ఎనిమిది వివాహభేదాలలో ఆర్షమనేది ఒకటి. వరుడి నుంచి ఒక ఆవును, ఒక ఎద్దును, లేదా అటువంటి రెండు జతలను ధర్మార్థం స్వీకరించి కన్యను ఇవ్వడం దాని లక్షణమని మనుస్మృతి చెబుతుంది. గృహ్యసూత్రాలు, అంటే ఇంట్లో జరిపే కర్మల విధానాన్ని చెప్పే గ్రంథాలు, వరుడిని పూజ్యుడైన అతిథిగా భావించి అతనికి తేనె, పెరుగు కలిపిన మధుపర్కాన్ని ఇవ్వాలని, దానితోపాటు ఒక గోవును అతని ముందుకు తేవాలని విధించాయి. మధుపర్కమనే పేరు ఇప్పుడు తెలుగు ఇళ్లలో ఎక్కువగా పెళ్లిబట్టలకే మిగిలింది. అతిథి కోసం గోవును వధించే ఆచారం ఒకప్పుడు ఉండేదని ఆ గ్రంథాలే సాక్ష్యమిస్తున్నాయి. అయితే నిరపరాధి అయిన గోవును చంపవద్దని, దానిని విడిచిపెట్టి నీళ్లు తాగనిచ్చి గడ్డి మేయనివ్వమని వరుడు ఆజ్ఞాపించే వికల్పాన్ని కూడా అవే చేర్చాయి, కాలక్రమంలో ఆ వికల్పమే ఆచారమై నిలిచింది. వేడుకకు తెచ్చిన పశువును ఏం చేయాలో, ఎప్పుడు వదిలిపెట్టాలో కర్మకాండలోనే రాసిపెట్టడం గమనించదగిన విషయం, ఎందుకంటే నేటి పెళ్లి పథకాలలో గుర్రాన్ని ఎన్ని గంటలకు రప్పించాలో ఉంటుంది గాని ఎన్ని గంటలకు పంపించాలో ఉండదు.

కన్యాదానంతో పాటు చేసే దానాలలో గోదానం ముఖ్యమైనది. పల్లెల్లో ఆడపిల్లకు అరణంగా, అంటే పుట్టింటి నుంచి ఇచ్చే కానుకగా, పాడి ఆవునో గేదెనో దూడతో సహా తోలి ఇవ్వడం ఉండేది. పట్టణంలో కట్టుగొయ్యకు చోటు లేకపోవడంతో దాని స్థానాన్ని వెండి ఆవు బొమ్మో, కొబ్బరికాయో, కొంత రొక్కమో ఆక్రమించింది. పెళ్లివారింటికి పిలవకుండానే వచ్చే గంగిరెద్దు మరో కోవకు చెందినది. బొంత కప్పిన ఆ ఎద్దు తల ఊపితే శుభమని నమ్మి ధాన్యమో పాత బట్టో ఇచ్చి పంపేవారు. రాముడు, సీత అని పేర్లు పెట్టిన ఎద్దుకూ ఆవుకూ పెళ్లి చేయించే ప్రదర్శన కూడా గంగిరెద్దులవారికి ఉంది. పెళ్లిలో జంతువు పాల్గొనడం మాట అటుంచి, జంతువులే వధూవరులైన ఘట్టం అది.

వరుడు ఊరేగే వాహనం విషయానికి వస్తే, తెలుగునాట మేనా, పల్లకి, గూడుబండి ఎక్కువగా వినిపిస్తాయి. అయితే గుర్రం తెలుగు పెళ్లికి పూర్తిగా పరాయిదని అనడానికి వీల్లేదు, ఎందుకంటే దేవుడి పెళ్లిలో అది ముందునుంచీ ఉంది. యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలలో ఎదుర్కోలు, అంటే కల్యాణానికి ముందు ఇరుపక్షాలవారు ఎదురుపడి మర్యాదలు చేసుకునే ఘట్టం, జరిగేటప్పుడు లక్ష్మీనరసింహస్వామి అశ్వవాహనం మీద, అమ్మవారు పల్లకిలో వస్తారు. కల్యాణ మంటపానికి స్వామి గజవాహనం మీద చేరుతాడు. ఈ గుర్రం, ఏనుగు మనుషులు భుజాల మీద మోసే ప్రతిమలు గనుక బాజా ఎంత మోగినా వాటికి బెదురు లేదు. బతికి ఉన్న గుర్రం మీద పెళ్లికొడుకును ఊరేగించే ఆచారం మాత్రం హైదరాబాద్ తెలుగువారిలో ఉత్తరాది, దక్కనీ పొరుగు ప్రభావంతోనే బలపడిందని చెప్పవచ్చు.

ఆ పొరుగు చరిత్ర నిండా గుర్రాలే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్లనే ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఆనాడు ఆ వీధులలో బగ్గీలు, జట్కాలు తిరిగేవి, 1907లో కట్టిన నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవారికి కూడా చాలాకాలం అవే దిక్కు. పక్కనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక జంతు ప్రదర్శనశాల ఉండేది, 1963లో నెహ్రూ జూలాజికల్ పార్కు ఏర్పడినప్పుడు ఆ జంతువులు అక్కడికి తరలిపోయాయి. నాంపల్లికి కూతవేటు దూరంలోని ఏ.సి. గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి, అంటే నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి ఆశ్విక దళం నుంచి, వచ్చింది. సిద్దీలని పిలిచే ఆ రౌతుల కుటుంబాలూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల కుటుంబాలూ తమతో తెచ్చుకున్న వాద్యమే మర్ఫా. 1948 తర్వాత సంస్థానపు సైన్యాలు రద్దై రౌతులు గుర్రాలు దిగిపోయారు గాని, వారి దరువు పెళ్లి ఊరేగింపుల్లోకి చేరి, మతభేదం లేకుండా నగరమంతటి బరాత్‌లకూ తాళమైంది. గుర్రం ముందు మర్ఫా మోగడం వెనుక ఇంత కథ ఉందని అక్కడ చిందులు వేసే కుర్రాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు.

ఉత్తరాది సంప్రదాయంలో వరుడు ఎక్కేది ఘోడీ, అంటే ఆడగుర్రం. పోతుగుర్రం కంటే అది గుంపులో నిదానంగా ఉంటుందన్నది దానికి చెప్పే కారణాలలో ఒకటి. తలకు సెహ్రా, అంటే ముఖం మీదకు వేలాడే పూల తెర, కట్టుకున్న పెళ్లికొడుకు జీను ఎక్కే ముందు అతని అక్కచెల్లెళ్లు గుర్రానికి నానబెట్టిన శనగపప్పును పళ్లెంతో తినిపిస్తారు, జూలును పాయలుగా అల్లి ఎర్రదారం కడతారు, అందుకు వరుడి దగ్గర కట్నం పుచ్చుకుంటారు. అతని ముందు ఒక చిన్న పిల్లవాడిని కూర్చోబెట్టడమూ ఉంది. జరీ ముఖమల్ బొంత, నుదుటి మీద కుచ్చు, మోకాళ్లకు మువ్వలు తొడిగిన ఆ గుర్రం పక్కన సాయీసు, అంటే గుర్రాన్ని సాకి నడిపించే మనిషి, ఊరేగింపు సాగినంతసేపూ కళ్లెం దగ్గరి నుంచి చేయి తీయడు. చూసేవారి దృష్టి పెళ్లికొడుకు మీద ఉంటే అతని దృష్టి గుర్రం చెవుల మీద ఉంటుంది, ఎందుకంటే గుర్రం ఏం చేయబోతోందో ముందుగా చెప్పేవి అవే. శబ్దం వచ్చిన వైపు తిరుగుతున్న చెవులు జాగ్రత్తకు, మెడకు అంటుకుపోయేలా వెనక్కి వాలిన చెవులు కోపానికో నొప్పికో గుర్తు. ముక్కుపుటాలు పొంగడం, తోక విసరడం, ముందుకాలి డెక్కతో నేలను గీరడం ఓపిక అయిపోతోందనడానికి సూచన.

దాని ఓపిక ఎందుకు అయిపోతుందో తెలియాలంటే గుర్రపు శరీర నిర్మాణాన్ని కొంత పరిశీలించాలి. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని గుర్తించగలదు, గుర్రం 33,000 హెర్ట్జ్ దాటిన కీచు శబ్దాన్ని కూడా వింటుంది. తలకు ఇరుపక్కలా ఉన్న కళ్లతో అది దాదాపు 350 డిగ్రీల మేర చూడగలిగినా, సరిగ్గా నుదుటి ముందూ తోక వెనకా ఉన్న కొద్దిపాటి జాగా దానికి కనిపించదు; బరాత్‌లో నాట్యమాడేవారు గుమిగూడేదీ, వీడియో దీపం పట్టుకున్నవాడు నిలబడేదీ ఆ ముందు జాగాలోనే. వేటాడే మృగాల నుంచి పరుగెత్తి తప్పించుకోవడమే రక్షణగా పరిణమించిన జంతువు గనుక బెదిరితే పారిపోవాలన్నదే దాని స్వభావం. ఒకవైపు దుకాణాలు, మరోవైపు మెట్రో స్తంభాలు, ముందు బ్యాండు, వెనక హారన్లు మోగించే వాహనాలు ఉన్న నాంపల్లి రోడ్డులో ఆ దారి మూసుకుపోతుంది. పటాకుల సరం అంటించినప్పుడు జరిగే ప్రమాదాలలో తప్పు గుర్రానిది అనడం అన్యాయమే అవుతుంది.

గుర్రం తాళానికి నాట్యం చేస్తోందని జనం మురిసిపోయే దృశ్యాన్ని కూడా ఈ వెలుగులోనే చూడవలసి ఉంటుంది. పగ్గాలను బిగించి ముందుకు పోనివ్వకుండా ఆపుతూ, అదే సమయంలో అదిలిస్తూ ఉంటే గుర్రం ఉన్నచోటనే కాళ్లెత్తి కదులుతుంది. ఆ కదలికను శిక్షణతో తాళానికి అమరుస్తారు. మంచి శిక్షకుడి చేతిలో అది హింస లేకుండా సాధ్యమే గాని, తొందర పనిగా నేర్పినచోట నోటిలోని ఇనుప కమ్మీ, చేతిలోని కొరడా ఆ పని చేస్తాయి. నోటి చివర చిట్లిన గుర్తులు, జీను కింద పుండ్లు ఉన్నాయేమో చూస్తే గుర్రాన్ని ఎలా సాకుతున్నారో పెళ్లివారికి రెండు నిమిషాల్లో తెలుస్తుంది, అయితే పొడుగాటి బొంత కప్పాక అవి కనబడవు గనుక అలంకరణకు ముందే చూడాలి. అతిథులు ముచ్చటపడి పెట్టే లడ్డూలు, అరటిపండ్లు మరో చిక్కు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, దాని జీర్ణాశయం పైద్వారం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది. సరిపడనిది కడుపులోకి పోతే అది తీవ్రమైన కడుపునొప్పికి, ఒక్కోసారి ప్రాణాపాయానికి దారితీస్తుంది. మంటపం అలంకరణలో గన్నేరు వాడితే దాని ఆకులు కొద్దిగా నమిలినా గుర్రానికి విషమే.

ఒక పెళ్లి నుంచి మరో పెళ్లికి తిరిగే గుర్రాల విషయంలో పశువైద్యులు గ్లాండర్స్ అనే జబ్బును ప్రత్యేకంగా గుర్తుచేస్తారు. గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలకు బాక్టీరియా వల్ల వచ్చే ఈ వ్యాధి ముక్కు స్రావాల ద్వారా, ఉమ్మడి నీటితొట్ల ద్వారా వ్యాపించి మనుషులకూ సోకగలదు. దీనికి టీకా లేదు. 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం పరిధిలో ఉన్నందున వ్యాధి నిర్ధారణ అయిన జంతువును నొప్పి లేకుండా చంపివేయడం తప్పదు. గుర్రాన్ని కుదుర్చుకునేటప్పుడు రక్తపరీక్ష పత్రం అడగడం అందుకే అతి జాగ్రత్త అనిపించుకోదు.

గుర్రాన్ని పెళ్లి నుంచి తొలగించాలనే వాదన చేసేవారు మరొక సంగతిని కూడా పట్టించుకోవలసి ఉంటుంది. ఉత్తర, పశ్చిమ భారతంలోని అనేక గ్రామాలలో దళిత వరుడు గుర్రమెక్కితే రాళ్లు రువ్విన ఘటనలు నేటికీ వార్తలలోకి వస్తున్నాయి. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత వరుడు నెలల తరబడి అధికారుల చుట్టూ, న్యాయస్థానాల చుట్టూ తిరిగి, చివరకు పోలీసు కాపలా నడుమ తన ఊరేగింపు జరుపుకోవలసి వచ్చింది. అంతటి ఖరీదు చెల్లించి సాధించుకున్న జీనును, జంతుదయ పేరుతో దిగిపొమ్మని చెప్పడం, ఆ మాట చెప్పేవారు ఏనాడూ ఆ అడ్డు ఎదుర్కోనివారైతే మరీ, అంత తేలిక కాదు. ఊరేగింపును కుదించి, శబ్దాన్ని తగ్గించి, గుర్రానికి విశ్రాంతినిచ్చే పద్ధతి ఈ రెండు న్యాయాలకూ మధ్యేమార్గంగా తోస్తుంది.

చట్టం ఏమంటుందో చూస్తే ఒక వింత ఎదురవుతుంది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువును కొట్టడాన్ని, శక్తికి మించి స్వారీ చేయడాన్ని, భారం మోయించడాన్ని నేరాలుగా పేర్కొంది గాని, మొదటి నేరానికి అది విధించే జరిమానా 10 నుంచి 50 రూపాయల లోపే. ఇంకా పెట్టెలోంచి తీయని బ్యాండు డోలు అద్దెతో పోల్చినా అది లెక్కలోకి రాదు. ఆ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు, బండిలాగే, బరువు మోసే జంతువుల చేత రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదని, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు అసలే చేయించరాదని, ముళ్లున్న కళ్లేలను వాడరాదని చెబుతాయి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాల కాలంలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక పగటి బరాత్ పెట్టుకునేవారికి ఈ నియమం తెలిసి ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లను నియంత్రించే 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు మనుషుల కోసం చేసినవే అయినా, పాటించినచోట గుర్రానికీ మేలు చేస్తాయి. బగ్గీల సంగతిలో ముంబయి మరో దారి పట్టింది: విక్టోరియాలని పిలిచే గుర్రపు బండ్ల విహారాన్ని 2015లో బొంబాయి హైకోర్టు చట్టవిరుద్ధమని తేల్చగా, 2021లో అదే ఆకారంలో బ్యాటరీతో నడిచే బండ్లు రోడ్డెక్కాయి.

ఏనుగులు, చిలుకలు, పావురాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఏనుగు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ పొందిన జంతువు. అదే చట్టం ప్రకారం మన రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా నేరం గనుక దానిని మంటపం అలంకరణగా తెచ్చేవారు శిక్షార్హులు. దండలు మార్చుకోగానే తెల్లపావురాలను ఎగరేయడం చూడముచ్చటగా ఉంటుంది గాని, గూటికి తిరిగి రావడం నేర్పని పెంపుడు పావురాలు నగరంలో తిండి వెతుక్కోలేక పిల్లులకూ గద్దలకూ చిక్కుతాయి.

పెంపుడు కుక్కా పిల్లీ పెళ్లికి రావడం వీటన్నిటికీ భిన్నమైన సంగతి, ఎందుకంటే వాటిని ఎవరూ అద్దెకు తెచ్చుకోరు. అపార్ట్‌మెంట్‌లో పదేళ్లు తమతో పెరిగిన కుక్క లేకుండా నిశ్చితార్థం ఫోటో దిగడం చాలామంది యువతీయువకులకు వెలితిగా తోస్తుంది. ఉంగరాల పెట్టె మోయించడం, మెడకు పెళ్లికొడుకు బట్టతో కుట్టించిన రుమాలు కట్టడం, శుభలేఖలో దాని పేరు వేయించడం ఈ క్రమంలో వచ్చినవే. పెద్దవారు మడి గురించి, దర్గా పరిసరాల కుటుంబాలలోనైతే కుక్క లాలాజలం తగిలితే శుద్ధి చేసుకోవాలనే ఫికహ్, అంటే ధర్మశాస్త్ర, నియమం గురించి అభ్యంతరం చెబుతారు. పెళ్లి క్రతువును, వేడుకను విడదీసి, కుక్కను ముహూర్తానికి కాక సంగీత్‌కో రిసెప్షన్‌కో పిలవడం ద్వారా చాలా ఇళ్లలో ఈ తగవు తీరగలదు. ఆ ఏర్పాటు కుక్కకూ మంచిదే, ఎందుకంటే హోమధూమం, మంగళవాద్యం ఒక్కసారిగా ఎగసే ఘట్టం, అక్షతల వాన దానికి అర్థమయ్యే విషయాలు కావు.

కుక్క 45,000 హెర్ట్జ్ వరకు వినగలదు గనుక డీజే పెట్టెల పక్క దానికి మనకంటే దుర్భరం. ఆవులించడం, మాటిమాటికీ పెదవులు నాకడం, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూడడం, తోకను కాళ్ల మధ్యకు ముడుచుకోవడం దాని భయానికి గుర్తులు. వాటిని నిద్రగానో బుద్ధిగా కూర్చోవడంగానో పొరబడే అతిథి దగ్గరకు వెళ్లి ముద్దు చేయబోయి కాటుకు గురవుతాడు. బెదురు పోగొట్టడానికి మత్తుమందు ఇవ్వడం సరికాదు, ఆ మందుల్లో కొన్ని కదలికను ఆపుతాయి గాని భయాన్ని ఆపవు. టీకాలు, మున్సిపల్ లైసెన్సు సరిగా ఉండడం, ఫంక్షన్ హాలు యాజమాన్యం అనుమతి ముందే తీసుకోవడం, కుక్కకు పరిచయమున్న ఒక మనిషిని మరే పనీ అప్పగించకుండా దానికే కేటాయించడం కనీస ఏర్పాట్లు. వధువు తమ్ముడు ఈ పని చూసుకుంటాడనుకుంటే, భోజనాల వేళకు అతడు బంతుల దగ్గర ఉంటాడు, కుక్క బిర్యానీ డేగిసాల దగ్గర ఉంటుంది.

హైదరాబాదీ పెళ్లి భోజనంలోనే దానికి ముప్పు పొంచి ఉంది. వండిన ఎముక పెళుసుబారి చీలికలై పేగులను చీలుస్తుంది. బిర్యానీలో వేయించి చల్లే ఉల్లి కుక్కలో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. డబుల్ కా మీఠాలోనూ సేమియాలోనూ పడే కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలదు. పిల్లి ఉన్న ఇల్లైతే లిల్లీ పూలతో వేదిక కట్టించకపోవడం మేలు, ఆ పూల పుప్పొడి ఒంటికి అంటి నాక్కున్నా దాని మూత్రపిండాలు చెడిపోతాయి.

పెంపుడు జంతువు పెళ్లిలో ఎంతవరకు ముందుకు రాగలదన్న ప్రశ్నకు అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఒక కొసను చూపుతుంది: అక్కడ పురోహితుడు గాని సాక్షులు గాని లేకుండానే వధూవరులు తమ పెళ్లిని తామే జరుపుకోవచ్చు గనుక, లైసెన్సు పత్రం మీద కుక్క పాదముద్ర వేయించుకునే జంటలున్నాయి. మన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడేవారికి 30 రోజుల నోటీసుతో పాటు ముగ్గురు సాక్షుల సంతకాలు అవసరం. అందువల్ల రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లే హైదరాబాద్ జంటలు సంతకాలకు ముగ్గురు మనుషులను వెంటబెట్టుకోక తప్పదు, కుక్కతో ఫోటో ఆఫీసు గేటు బయట దిగవలసిందే.